ఉపగ్రహం ద్వారా హ్యామ్ రేడియో సంభాషణ

నిర్వచనం, పరిధి

లైసెన్సు ఉన్న ఇద్దరు ఔత్సాహిక రేడియో వాడుకరులు భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాన్ని మధ్యవర్తిగా పెట్టుకుని మాట్లాడుకోవడాన్ని ఉపగ్రహ సంభాషణ అంటారు. ఔత్సాహిక రేడియోకు జనంలో ఉన్న పేరు హ్యామ్ రేడియో. దాన్ని వాడేవారు హ్యామ్‌లు. ఈ సంభాషణకు మొబైల్ కంపెనీ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, నేలమీద టవరూ అక్కర్లేదు. ఒకరు పంపిన సంకేతాన్ని ఉపగ్రహం అందుకుని, వేరే పౌనఃపున్యానికి మార్చి, బలం పెంచి తిరిగి కిందికి పంపుతుంది. పైకి వెళ్లే దారి అప్‌లింక్, కిందికి వచ్చేది డౌన్‌లింక్. ఈ పని చేసే పరికరాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు.

చేతిలో పట్టుకునే వాకీటాకీ తరహా సెట్ల సంకేతాలు దాదాపు చూపు ఆనినంత మేరకే వెళతాయి. కొండ అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. అదే సంకేతం 650 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని చేరితే, ఆ ఉపగ్రహం కింద దాదాపు 5,500 కిలోమీటర్ల వెడల్పున్న వృత్తంలో ఎక్కడున్నవారైనా దాన్ని వినగలరు. ఈ వృత్తాన్ని పాదముద్ర అంటారు. ఉపగ్రహం కదులుతుంటే పాదముద్ర కూడా నేలమీద, సముద్రం మీద జరుగుతూ పోతుంది. ఇద్దరు హ్యామ్‌లు ఒకే సమయంలో అదే పాదముద్రలో ఉన్నంతసేపు మాత్రమే మాట సాగుతుంది.

ఈ వ్యాసంలోని దిశలు, కోణాలు, దూరాలు అనకాపల్లి జిల్లా రావికమతం మండల కేంద్రాన్ని ఆధారంగా చేసుకుని లెక్కగట్టినవి. దాని స్థానం దాదాపు 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.8 డిగ్రీల తూర్పు రేఖాంశం.

చరిత్ర

మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ 1957 అక్టోబరులో కక్ష్యలోకి వెళ్లింది. నాలుగేళ్లు గడిచేసరికి హ్యామ్‌లు సొంతంగా ఒక ఉపగ్రహం తయారుచేసుకున్నారు. కాలిఫోర్నియాలోని ఒక బృందం రూపొందించిన ఆస్కార్-1 అమెరికా సైనిక రాకెట్‌లో మిగిలిన చోటులో కూర్చుని 1961 డిసెంబరు 12న అంతరిక్షానికి చేరింది. బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. ప్రసార శక్తి ఒక వాట్‌లో ఏడో వంతు. అది మాట మోయలేదు. మోర్స్ సంకేతంలో 'హెచ్ఐ' అనే రెండక్షరాలు పంపుతూ దాదాపు మూడు వారాలు పనిచేసింది. ఆ అక్షరాల వేగాన్ని బట్టి ఉపగ్రహం లోపలి ఉష్ణోగ్రత తెలిసేది. 28 దేశాల్లో 570 మందికి పైగా హ్యామ్‌లు దాన్ని విని నివేదికలు పంపారు.

రెండు వైపుల సంభాషణకు మొదటిసారి వీలు కల్పించింది 1965 మార్చిలో వెళ్లిన ఆస్కార్-3. దాని ట్రాన్స్‌పాండర్ పద్దెనిమిది రోజులు పనిచేసింది. 1969లో వాషింగ్టన్‌లో ఆమ్‌శాట్ సంస్థ ఏర్పడింది. తర్వాత వచ్చిన హ్యామ్ ఉపగ్రహాల్లో చాలావాటి వెనుక ఈ సంస్థో, వివిధ దేశాల్లో దాని పేరుతో పుట్టిన సంస్థలో ఉన్నాయి. ఉపగ్రహం కక్ష్యలోకి చేరి పనిచేయడం మొదలుపెట్టాకే ఆస్కార్ వరస సంఖ్య ఇవ్వడం ఆనవాయితీ.

వీటిలో ఏఓ-7 (ఆమ్‌శాట్-ఆస్కార్ 7) కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1974 నవంబరు 15న ప్రయోగించిన ఈ ఉపగ్రహం 1981లో బ్యాటరీలు చెడి మూగబోయింది. దాని పని అయిపోయిందనుకున్నారు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 2002 జూన్‌లో మళ్లీ వినిపించింది. షార్టయిన బ్యాటరీ కాలక్రమంలో తెగిపోవడంతో సౌరఫలకాల కరెంటు నేరుగా ట్రాన్స్‌పాండర్‌కు చేరసాగిందని నిపుణుల వివరణ. అప్పటి నుంచి ఎండ ఉన్నంతసేపు పనిచేస్తుంది, భూమి నీడలోకి వెళ్లగానే ఆగిపోతుంది. చెడిన భాగమే ఉపగ్రహాన్ని బతికించిన ఉదాహరణ ఇంత స్పష్టంగా మరోచోట కనబడదు.

మనుషులున్న వాహనాల నుంచి హ్యామ్ రేడియోలో మాట్లాడడం 1983లో మొదలైంది. కొలంబియా షటిల్‌లో వెళ్లిన ఓవెన్ గారియట్ తన చేతి సెట్‌తో భూమ్మీది హ్యామ్‌లను పలకరించారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 సంవత్సరం నుంచి హ్యామ్ పరికరాలు ఉన్నాయి.

భారత్, శ్రీహరికోట, వీఓ-52

భారతదేశపు హ్యామ్ ఉపగ్రహం పుట్టింది కర్ణాటకలో, ఎగిరింది ఆంధ్ర తీరం నుంచి. బెంగళూరులో ఇస్రో తయారుచేసిన హ్యామ్‌శాట్, 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6లో కార్టోశాట్-1తో కలిసి కక్ష్యలోకి వెళ్లింది. అక్కడి రెండో ప్రయోగ వేదికను మొదటిసారి వాడింది ఆ ప్రయోగానికే. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అదే రోజు రావికమతం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. రెంటికీ మధ్య గాలిదారిలో దాదాపు 530 కిలోమీటర్ల దూరం.

హ్యామ్‌శాట్ బరువు 42.5 కిలోలు. ధ్రువాల మీదుగా సాగే కక్ష్యలో, 600 కిలోమీటర్లకు కొంచెం పైన తిరిగేది. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు ఉండేవి. ఒకటి భారతీయులు చేసింది, రెండోది నెదర్లాండ్స్‌లోని ఒక ఇంజినీరింగ్ విద్యార్థి చేసింది. ఒకసారి ఒకటే నడిచేది. అప్‌లింక్ 435.220 నుంచి 435.280 మెగాహెర్ట్జ్, డౌన్‌లింక్ 145.870 నుంచి 145.930 మెగాహెర్ట్జ్. ప్రసార శక్తి ఒక వాట్. కక్ష్యలో పని మొదలయ్యాక దానికి వీయూశాట్ ఆస్కార్-52, క్లుప్తంగా వీఓ-52 అనే పేరు వచ్చింది. 'వీయూ' అనేవి భారతీయ హ్యామ్‌ల గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, మొదట్లో ఉండే అక్షరాలు.

ఈ ఉపగ్రహం మేలు భారతీయులకే పరిమితం కాలేదు. దాని డౌన్‌లింక్ వినడానికి సాధారణ పరికరం సరిపోయేది. అది కొత్తవారి పాలిట బడిపలక అయిందని చెప్పడం అతిశయోక్తి కాదు. తొమ్మిదేళ్లకు పైగా పనిచేశాక లిథియం అయాన్ బ్యాటరీలు దెబ్బతిని, 2014 జూలై 11న దాని సేవ ముగిసినట్టు ప్రకటించారు.

శ్రీహరికోట నుంచి హ్యామ్ పరికరాలు వెళ్లడం అంతటితో ఆగలేదు. 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 ఇండోనేషియా వారి లాపాన్-ఏ2ను తీసుకెళ్లింది. హ్యామ్‌లు దీన్ని ఐఓ-86 అంటారు. పుణే విద్యార్థులు చేసిన కిలో బరువు 'స్వయం' 2016 జూన్‌లో వెళ్లింది. 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 నాలుగో దశను కక్ష్యలోనే ఉంచి, దానిమీద ఆమ్‌శాట్ ఇండియా వారి డిజిటల్ సందేశ పరికరాన్ని నడిపారు. దేశమంతటి నుంచి 750 మంది ఆడపిల్లలు భాగం పంచుకున్న ఆజాదీశాట్-2 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీలో వెళ్లింది. అందులోనూ హ్యామ్ పరికరం ఉంది. అయితే ఒకేసారి పలు జంటలు మాట్లాడుకోగలిగే వీఓ-52 లాంటి ట్రాన్స్‌పాండర్ వీటిలో లేదు. భారతీయ హ్యామ్‌లకు అది లోటే.

ఉపగ్రహాల్లో రకాలు

ఎత్తును బట్టి చూస్తే అధిక భాగం తక్కువ ఎత్తు కక్ష్యలో, అంటే 400 నుంచి 1,500 కిలోమీటర్ల మధ్య తిరుగుతాయి. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగం. ఒక చుట్టుకు గంటన్నర నుంచి రెండు గంటలు. ఒక ఊరి మీదుగా ఉపగ్రహం ఉదయించి అస్తమించే వ్యవధిని పాస్ అంటారు. నడినెత్తి మీదుగా వెళ్లే పాస్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికైతే దాదాపు పది నిమిషాలు, 650 కిలోమీటర్ల ఎత్తున ఉన్నదానికి పదమూడు నిమిషాలు, 1,450 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఏఓ-7కు ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. పక్కగా వెళ్లే పాస్‌లు అంతకంటే పొట్టివి.

పనితీరును బట్టి ముఖ్యంగా రెండు తరగతులు. మొదటిది ఎఫ్ఎం ఉపగ్రహం. ఇది ఒకే ఒక్క ఛానెల్ ఉన్న రిపీటర్. ఒకసారి ఒకరే మాట్లాడాలి. ఇద్దరు కలిసి నొక్కితే బలమైన సంకేతం గెలుస్తుంది, లేదా రెండూ పాడవుతాయి. 2002 డిసెంబరులో వెళ్లిన సౌదీ ఉపగ్రహం ఎస్ఓ-50 ఈ తరగతిలో పేరుపొందింది. రెండోది లీనియర్ ట్రాన్స్‌పాండర్ ఉన్న ఉపగ్రహం. ఇది ఒక చిన్న పౌనఃపున్య పట్టీని మొత్తంగా ఎత్తి మరోచోటికి మారుస్తుంది కాబట్టి ఒకేసారి పలు జంటలు మాట్లాడుకోవచ్చు. వీఓ-52, ఏఓ-7, జపాన్ వారి ఎఫ్ఓ-29, 2019 డిసెంబరులో వెళ్లిన రష్యా ఉపగ్రహం ఆర్ఎస్-44 ఈ కోవలోవి. వీటిలో చాలావాటి పట్టీ తలకిందులుగా మారుతుంది. పైకి కింది సైడ్‌బ్యాండ్‌లో, అంటే వాహక పౌనఃపున్యానికి కింది వైపున, పంపితే, కిందికి పై సైడ్‌బ్యాండ్‌లో వస్తుంది. సంభాషణకు బదులు డిజిటల్ సందేశాలు, చిత్రాలు మోసేవి వేరే ఉన్నాయి. అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడూ 145.800 మెగాహెర్ట్జ్‌పై నెమ్మది చిత్రాలను ప్రసారం చేస్తుంది.

తక్కువ ఎత్తున తిరిగే వీటన్నిటికీ భిన్నమైనది క్యూఓ-100. ఖతార్ వారి ఎస్‌హెయిల్-2 అనే టీవీ ఉపగ్రహంలో భాగంగా 2018 నవంబరు 15న వెళ్లింది. భూమధ్యరేఖపై దాదాపు 26 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద స్థిరంగా ఉంటుంది. ఉదయించదు, అస్తమించదు. బ్రెజిల్ నుంచి థాయిలాండ్ వరకు దాని పరిధి. అప్‌లింక్ 2.4 గిగాహెర్ట్జ్, డౌన్‌లింక్ 10.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో. సంకేతం ఒక్కో వైపు 39,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి కనుక మన మాట మనకే పావు సెకను ఆలస్యంగా వినిపిస్తుంది.

పని విధానం: మూడు చిక్కులు

దూరం. ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు 650 కిలోమీటర్లు. క్షితిజం దగ్గర ఉన్నప్పుడు అదే ఉపగ్రహం 2,950 కిలోమీటర్లు. దూరం నాలుగున్నర రెట్లు పెరిగితే అందే శక్తి ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ఎస్ఓ-50 ప్రసార శక్తి పావు వాట్ మాత్రమే. అంటే కష్టమంతా వినడంలోనే ఉంది. పైకి పంపడానికి అయిదు వాట్ల చేతి సెట్ చాలు. కిందికి వచ్చేదాన్ని పట్టుకోవడానికి దిశ ఉన్న యాంటెన్నా కావాలి. కొత్తవారు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, ఎక్కువ శక్తితో పంపే సెట్ కొని, మంచి యాంటెన్నా లేక నిరాశపడతారు.

వేగం. దగ్గరికి వచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినిపించినట్టే ఉపగ్రహ సంకేతం కూడా మారుతుంది. దీన్ని డాప్లర్ ప్రభావం అంటారు. 436.795 మెగాహెర్ట్జ్ డౌన్‌లింక్‌లో ఈ తేడా అటూ ఇటూ దాదాపు 10 కిలోహెర్ట్జ్. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 3 కిలోహెర్ట్జ్‌కు కొంచెం పైన. అందుకే ఎస్ఓ-50ను మొదట 436.805 దగ్గర వినడం మొదలుపెట్టి, పాస్ సాగేకొద్దీ 436.800, 436.795, 436.790 మీదుగా 436.785కు దిగుతారు. 145.850 అప్‌లింక్‌ను మార్చకపోయినా ఎఫ్ఎంలో పెద్దగా నష్టం లేదు. లీనియర్ ఉపగ్రహాల్లో మాత్రం ఆ వెసులుబాటు ఉండదు, రెంటినీ సరిచూసుకుంటూ పోవాలి.

తిరుగుడు. ఉపగ్రహం తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. దాని యాంటెన్నా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా అవుతుంది. అయనావరణం కూడా సంకేతపు ధ్రువణాన్ని, అంటే అది కంపించే దిశను, తిప్పుతుంది. ఫలితంగా చక్కగా వినబడే గొంతు ఉన్నట్టుండి కూరుకుపోతుంది. దీనికి మందు తేలిక. చేతిలోని యాంటెన్నాను మణికట్టుతో కొంచెం తిప్పితే సంకేతం మళ్లీ లేస్తుంది. స్థిరంగా బిగించే కేంద్రాల్లో వృత్తాకార ధ్రువణ యాంటెన్నా వాడతారు.

పరికరాలు

కనీస అవసరం రెండు బ్యాండ్ల ఎఫ్ఎం సెట్, చేత్తో పట్టుకునే యాగీ యాంటెన్నా, ఇయర్‌ఫోన్, మాటలు రికార్డు చేసుకోవడానికి ఒక ఫోన్. యాగీ అంటే పాత దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద కనిపించిన చేపముల్లు ఆకారపు యాంటెన్నాకు చిన్న తమ్ముడు. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. కర్ర బద్ద, పీవీసీ గొట్టం, లేదా ఎండిన వెదురు కడ్డీని వెన్నుగా పెట్టి, వడ్రంగి కొలిచే ఉక్కు టేపు ముక్కలనో అల్యూమినియం కడ్డీలనో ముళ్లుగా బిగిస్తారు. 145 మెగాహెర్ట్జ్ ముల్లు దాదాపు మీటరు పొడవు, 435 మెగాహెర్ట్జ్‌ది దాదాపు 33 సెంటీమీటర్లు. ముక్కల పొడవులోనూ ఎడంలోనూ కొన్ని మిల్లీమీటర్ల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. వెదురు కంటే పీవీసీ మీద కొలతలు నిలకడగా ఉంటాయి.

ఒకేసారి పంపుతూ వినగలగడాన్ని డ్యూప్లెక్స్ అంటారు. తన మాట ఉపగ్రహం నుంచి తిరిగి రావడం తన చెవితోనే వినగలిగితే సగం అనుమానాలు తీరిపోతాయి. చాలా చవక చేతి సెట్లకు ఈ శక్తి లేదు. పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి చొప్పున రెండు సెట్లు వాడటం పరిష్కారం. వినడానికి కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ రిసీవర్ డాంగిల్ కూడా పనికొస్తుంది.

ఉపగ్రహం ఎప్పుడు, ఎటునుంచి వస్తుందో చెప్పే సాఫ్ట్‌వేర్‌కు కక్ష్య వివరాల పట్టిక కావాలి. జీప్రెడిక్ట్ వంటి ఉచిత ప్రోగ్రాములు, లుక్4శాట్ వంటి ఫోన్ యాప్‌లు ఆ వివరాలను ఇంటర్నెట్ నుంచి దించుకుంటాయి. పట్టిక పాతబడితే సమయం తప్పుతుంది, ముఖ్యంగా తరచూ ఎత్తు మార్చుకునే అంతరిక్ష కేంద్రం విషయంలో. కొన్ని యాప్‌లు సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలో చూపుతాయి, దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం. లాగ్ పుస్తకంలో మాత్రం యూటీసీయే రాస్తారు.

ఒక పాస్ సాగే తీరు

ఎస్ఓ-50 పాస్‌ను ఉదాహరణగా తీసుకుంటే పద్ధతి మొత్తం అర్థమవుతుంది. పాస్‌కు పది నిమిషాల ముందే డాబా మీదికో పొలం గట్టుకో చేరాలి. ఉపగ్రహం లేచే దిక్కు, అత్యధిక ఎత్తు కోణం, దిగే దిక్కు అనే మూడింటినీ కాగితం మీద రాసుకుంటే మేలు. సెట్‌లో హోరును అణచే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరిచి, హోరు వినబడేలా ఉంచుతారు. స్క్వెల్చ్ మూసి ఉంచితే బలహీనమైన సంకేతాన్ని సెట్టే తినేస్తుంది. ఉపగ్రహం లేవగానే ఆ హోరు తగ్గి నిశ్శబ్దం కమ్ముకుంటుంది. దాని వెనుకే గొంతులు వస్తాయి.

ఎస్ఓ-50 తనంతట తాను ఎప్పుడూ తెరిచి ఉండదు. 74.4 హెర్ట్జ్ స్వరాన్ని రెండు సెకన్లు పంపితే పది నిమిషాల గడియారం మొదలై ట్రాన్స్‌మీటర్ మేలుకొంటుంది. ఆ తర్వాత మాటతోపాటు 67 హెర్ట్జ్ స్వరం పంపాలి. ఎవరో ఒకరు అప్పటికే మేలుకొలిపి ఉంటారు కాబట్టి చాలాసార్లు మొదటి స్వరంతో పని ఉండదు.

సంభాషణ చాలా పొట్టిది. ఇరువురి కాల్‌సైన్‌లు, ఇరువురి గ్రిడ్ గడులు, ధన్యవాదం, అంతే. పదిహేను సెకన్లలో ముగుస్తుంది. గ్రిడ్ గడి అంటే భూమిని అక్షాంశ రేఖాంశాలతో విభజించి రెండక్షరాలు, రెండంకెలతో పేరుపెట్టిన పద్ధతి. రావికమతం, విశాఖపట్నం రెండూ ఎన్‌కే17 గడిలో వస్తాయి, విజయవాడ ఎన్‌కే06లో. సాధారణ హ్యామ్ రేడియోలో ఎవరినైనా పిలవడానికి 'సీక్యూ' అంటారు. ఎఫ్ఎం ఉపగ్రహంపై పదేపదే సీక్యూ అనడం మర్యాద కాదు. కాల్‌సైన్, గ్రిడ్ చెప్పి ఆగి వినాలి. వినబడకపోతే పంపకూడదు. ఈ ఒక్క నియమం పాటించేవారి వల్ల ఉపగ్రహం అందరికీ మిగులుతుంది.

లీనియర్ ఉపగ్రహాల మర్యాద వేరు. అక్కడ కొంత స్థిమితంగా మాట్లాడుకోవచ్చు, వాతావరణం, పరికరాల వివరాలు చెప్పుకోవచ్చు. అయితే అందరూ ఒకే ట్రాన్స్‌పాండర్ శక్తిని పంచుకుంటున్నారు కనుక ఒకరు ఎక్కువ శక్తితో పంపితే మిగిలినవారి గొంతులు అణగిపోతాయి. బ్యాటరీ లేని ఏఓ-7లో ఇది మరీ తీవ్రం. బలమైన సంకేతం పడగానే ఉపగ్రహం వోల్టేజీ కుంగి అందరి స్వరాలూ వణుకుతాయి.

మాటలు ముగిశాక రికార్డింగ్ విని లాగ్ నింపుతారు. చాలామంది ఇంటర్నెట్ లాగ్‌లలో ధ్రువీకరించుకుంటారు. క్యూఎస్ఎల్ అనే పోస్టుకార్డు పరిమాణపు కార్డులు మార్చుకునే అలవాటు ఇంకా ఉంది.

భారత్‌లో లైసెన్సు

ప్రసారం చేయడానికి లైసెన్సు తప్పనిసరి. 1978 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రాఫ్ (ఔత్సాహిక సేవ) నియమాలు దీనికి మూలం. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. పరీక్ష రాయడానికి కనీస వయసు 12 ఏళ్లు. రేడియో సిద్ధాంతం, నియమాలు పాఠ్యాంశాలు. రిస్ట్రిక్టెడ్ శ్రేణికి మోర్స్ అవసరం లేదు. జనరల్ శ్రేణికి నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి. కాల్‌సైన్‌లు ఇప్పుడు రిస్ట్రిక్టెడ్ వారికి వీయూ3తో, జనరల్ వారికి వీయూ2తో మొదలవుతాయి.

పౌనఃపున్యాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ప్రపంచవ్యాప్తంగా ఉపగ్రహాలకు ఎక్కువగా వాడే హ్యామ్ భాగాలు 145.8 నుంచి 146 మెగాహెర్ట్జ్, 435 నుంచి 438 మెగాహెర్ట్జ్. భారత్‌లో హ్యామ్‌లకు అందుబాటులో ఉన్నది 144 నుంచి 146, 434 నుంచి 438. కాబట్టి ఎస్ఓ-50కు చిక్కులేదు. ఏఓ-7 వాడే రెండు విధానాల్లో ఒకదాని అప్‌లింక్ 432 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అది భారతీయ హ్యామ్‌ల పరిధికి బయటిది. రెండో విధానంలో 145.850 నుంచి 145.950 వరకు పైకి పంపి, 29.4 మెగాహెర్ట్జ్ దగ్గర వినవచ్చు. క్యూఓ-100లో పంపదలచినవారు ముందుగా తమ లైసెన్సులో ఆ బ్యాండ్ ఉందో లేదో చూసుకోవాలి.

తెలుగు ప్రాంతంలో హ్యామ్ శిక్షణకు పాత చిరునామా హైదరాబాద్‌లోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ. దీన్ని 1983లో స్థాపించారు.

ప్రాముఖ్యం: బడి, తుపాను

బడి విషయంలో ఉపగ్రహ రేడియోకు సాటి మరొకటి తేలిగ్గా దొరకదు. కక్ష్య, గురుత్వం, డాప్లర్, ధ్రువణం, సౌరశక్తి అన్నీ పుస్తకంలో విడివిడి పాఠాలు. ఒక పాస్‌లో అవన్నీ పది నిమిషాల్లో చెవికి, చేతికి తగులుతాయి. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు బడిపిల్లలతో హ్యామ్ రేడియోలో మాట్లాడే కార్యక్రమం ఏరిస్ పేరుతో రెండు దశాబ్దాలకు పైగా సాగుతోంది. 2025 జూలైలో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ ఉన్నప్పుడు బెంగళూరు, షిల్లాంగ్ ఇస్రో కేంద్రాల ద్వారా భారతీయ విద్యార్థులతో ఇలాగే మాట్లాడారు.

తుపాను విషయంలో మాత్రం తూకం తప్పకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఫోన్లు, కరెంటు కుప్పకూలాయి. హ్యామ్‌లు రంగంలోకి దిగారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ సమయంలో, హైదరాబాద్ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో అప్పటికే అండమాన్‌లో ఉన్న హ్యామ్ బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి సమాచారం చేరవేసింది. ఆ బృందం వాడింది హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియోను, ఉపగ్రహాన్ని కాదు. పది నిమిషాలు కనబడి గంటన్నర మాయమయ్యే ఉపగ్రహం మీద సహాయక చర్యలను ఆధారపరచలేం. ఎప్పుడూ ఆకాశంలో ఉండే క్యూఓ-100 వంటిది ఆ పనికి తగినదే గానీ, దానికి కావలసిన డిష్‌ను గాలివాన తట్టుకునేలా నిలబెట్టగలగాలి. ఉపగ్రహ సంభాషణ సాధన చేసిన హ్యామ్‌కు తుపానులో పనికొచ్చేది వేరు: బ్యాటరీ మీద సెట్ నడపడం, యాంటెన్నా చేతులతో కట్టుకోవడం, తక్కువ మాటల్లో స్పష్టంగా చెప్పడం.

రావికమతం ఆకాశం

రావికమతానికి వాయవ్యంగా తూర్పు కనుమలు లేస్తాయి. కల్యాణపులోవ జలాశయం ఆ కొండల ఒడిలోనే ఉంది. కొండల వైపు తక్కువ ఎత్తులో లేచే పాస్‌లో మొదటి నిమిషాలు పోతాయి. తూర్పు, ఆగ్నేయం, దక్షిణం సముద్రం వైపు తెరిచి ఉంటాయి. అందువల్ల ఈ ప్రాంతంలో బంగాళాఖాతం మీదుగా సాగే పాస్‌లే ఎంచుకోదగినవి. ఎస్ఓ-50 మీదుగా చూస్తే ఇక్కడి నుంచి దుబాయ్ దాదాపు 3,000 కిలోమీటర్లు, జకార్తా 3,750 కిలోమీటర్లు. రెండూ అందుతాయి. టోక్యో దాదాపు 5,900 కిలోమీటర్లు కావడంతో ఆ ఉపగ్రహానికి అందదు. ఎత్తు ఎక్కువైన ఏఓ-7కు అందుతుంది.

ఐఓ-86 ఈ ఊరికి ప్రత్యేకం. ధ్రువాల మీదుగా వెళ్లే ఉపగ్రహాలు రోజుకు నాలుగైదు సార్లు కనబడితే, భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలుతో తిరిగే ఐఓ-86 దాదాపు గంటా నలభై అయిదు నిమిషాలకోసారి దక్షిణాకాశంలో వస్తుంది. ఎత్తు కోణం 19 డిగ్రీలకు మించదు, కొన్నిసార్లు క్షితిజాన్ని తాకుతూ పోతుంది. దాని అప్‌లింక్ 145.880, డౌన్‌లింక్ 435.880 మెగాహెర్ట్జ్, స్వరం 88.5 హెర్ట్జ్. నిర్వాహకులు రిపీటర్‌ను నిర్ణీత వేళల్లోనే తెరుస్తారు. క్యూఓ-100 వినదలచినవారు డిష్‌ను ఉత్తరం నుంచి సవ్యదిశలో 259 డిగ్రీల వైపు, అంటే పడమటికి కాస్త దక్షిణంగా, 23 డిగ్రీల ఎత్తున పెట్టాలి.

అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్ 2020 సెప్టెంబరులో మొదలైంది. అప్‌లింక్ 67 హెర్ట్జ్ స్వరంతో 145.990 మెగాహెర్ట్జ్, డౌన్‌లింక్ 437.800 మెగాహెర్ట్జ్. లైసెన్సు పరీక్షకు చదువుతున్నవారు వినడంతో మొదలుపెట్టడానికి ఇదే అన్నిటికంటే తేలికైనది. ఉపగ్రహాలు పాతబడతాయి, ఆగిపోతాయి, మళ్లీ తెరుచుకుంటాయి కాబట్టి పాస్‌కు బయలుదేరేముందు ఆ రోజున ఏది పనిచేస్తోందో చూసుకోవాలి.